దసరా నాడు విప్పిన చక్రం

పంక్చర్ వేసేవాడికి మేకు మీద కోపం ఉండదు. దాని పుణ్యానే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మాకు వణుకు పుట్టించేది అందమైన చక్రం. లారీ చక్రాన్ని సుత్తితో బాదినా, గడ్డపారతో పొడిచినా అది నోరెత్తదు. ఖరీదైన కారు చక్రం అట్లా కాదు. దాని మీద వెంట్రుకంత గీత పడితే ముందు యజమాని మొహం మాడిపోతుంది, తర్వాత మన మొహం మాడుతుంది.

మీరిప్పుడు టైర్ల షాపుకు పోతే కుర్రాడు చక్రాన్ని యంత్రం మీద పడుకోబెట్టి, కొసకు ప్లాస్టిక్ తొడుగు ఉన్న కమ్మీ తగిలించి, కాలితో మీట నొక్కుతాడు. మీరు ఫోన్ జేబులోంచి తీసేలోగా టైరు ఊడి వస్తుంది. సంతోషం. మీ కార్లు బాగుండాలి, మీ చక్రాలు మెరవాలి. కానీ డెబ్బైల చివర్లో మా దగ్గర ఉన్న యంత్రాలు రెండే. ఒకటి నేను, రెండోది మా చిచ్చా.

చిచ్చా అంటే నాకు రక్తసంబంధం ఏమీ లేదు. లారీల మీద క్లీనర్‌గా మొదలుపెట్టి, దేశమంతా తిరిగి, చివరకు టైర్ల పనిలో స్థిరపడిన ముస్లిం పెద్దమనిషి. నాకు పని నేర్పినవాడు, తర్వాత నన్ను భాగస్తుణ్ణి చేసుకున్నవాడు. గడ్డానికి గోరింటాకు రంగు, నోట్లో ఎప్పుడూ పాన్. ట్యూబులో గాలి ఎక్కడ పోతుందో నీళ్ళలో ముంచకుండానే చెవి పెట్టి చెప్పేవాడు. దేవుళ్ళ విషయంలో ఆయనకు పిసినారితనం లేదు. శుక్రవారం మసీదు తప్పేది కాదు. ఆదివారం చర్చి గంట వినబడితే తల వంచేవాడు. మా ఇంట్లో ఎల్లమ్మకు బోనం చేస్తే మొదటి ముద్ద తనకే అని మా ఆవిడతో ముందే ఒప్పందం చేసుకునేవాడు.

మేమిద్దరం చాలా ఏళ్ళు ఒక వేపచెట్టు కింద టార్పాలిన్ కట్టుకుని పని చేశాం. వాన వస్తే సామాను మీద మేం వంగేవాళ్ళం, మా మీద టార్పాలిన్ కప్పుకునేవాళ్ళం. చిచ్చాకు ఉబ్బసం పట్టుకున్నది ఆ వానల్లోనే. అటువంటి మాకు సుబేదారిలో, కోర్టుకు పోయే దారిలో ఒక మల్గి అద్దెకు దొరికింది. మల్గి అంటే రోడ్డు వైపు చెక్క తలుపులున్న ఒంటిగది దుకాణం. పైన రేకులు, కింద బండలు, వెనక సందులోనే మా ఇల్లు. మొదటి వానాకాలం చిచ్చా గడప దగ్గర కూర్చుని, వాన బయట పడుతుంటే లోపల పొడిగా ఉన్న తన కాళ్ళను చూసుకుని మురిసిపోయాడు. రాజులకు ఖిలాలు ఉంటే మాకు మల్గి ఉందనేవాడు.

ఆ మల్గి యజమాని ఒక వకీలు సాబ్. పేరున్న వకీలు, నలుగురికి మంచి చేసే మనిషే. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు కారు. హైదరాబాదులో ఎవరో విదేశస్తుడు తన దేశం పోతూ అమ్ముకున్న కారును కొని తెచ్చుకున్నాడు. కారు సంగతి అటుంచండి, దాని చక్రాలు చూడాలి. మామూలు ఇనుప చక్రాలు కావు, అల్యూమినియంతో పోతపోసినవి. వెండి పళ్ళేల్లా మెరిసేవి. వరంగల్‌లో అటువంటివి అంతకు ముందు ఎవరూ చూడలేదు. కారు కడగడం డ్రైవర్ వంతు, చక్రాలు తుడవడం మాత్రం వకీలు సాబ్ వంతు. ఆదివారం పొద్దున పీట వేసుకుని, పాత ధోవతి ముక్కతో ఒక్కో చక్రాన్నీ పసిపిల్లకు ఒళ్ళు తుడిచినట్టు తుడిచేవాడు. ఆ సమయంలో క్లయింటు వస్తే వరండాలో కూర్చోవలసిందే.

అల్యూమినియం మెత్తటి లోహం. మేమేమో టైరు అంచును చక్రం నుంచి విప్పడానికి లీవర్లనే ఇనుప పట్టీలు దూర్చి మీటేవాళ్ళం. ఇనుప చక్రం మీద ఇనుప లీవర్ నడుస్తుంది. మెత్తటి చక్రం మీద అది వెన్నలో కత్తిలా దిగుతుంది. ఆయన కారుకు మొదటిసారి పంక్చర్ అయి మా దగ్గరకు వచ్చినప్పుడు అదే జరిగింది. గుడ్డ చుట్టాం, జాగ్రత్తగా మీటాం, అయినా అంచు మీద చిన్న గీత పడింది. అది ఎవరి చేతిలో పడిందో ఈనాటికీ తేలలేదు. నాదని చిచ్చా అనేవాడు, చిచ్చాదని నేను.

వకీలు సాబ్ అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆ గీతను చాలాసేపు చూశాడు.

"ఇదొక్కటి మాఫ్," అన్నాడు. "ఇంకొక్క గీత పడ్డదంటే మల్గి ఖాళీ చెయ్యాలె. ఇది బెదిరింపు గాదు, షరతు."

ఆయన షరతు అన్నాడంటే కోర్టు కాగితం మీద రాసినట్టే. ఆ తర్వాత ఆయనే మమ్మల్ని ఆ ప్రమాదం నుంచి తప్పించాడు. పంక్చర్ అయిన చక్రాన్ని మా కళ్ళ ముందే జంపఖానాలో చుట్టించి, డ్రైవర్‌ను తోడిచ్చి, బస్సులో హైదరాబాదు పంపేవాడు. అక్కడెవరో రబ్బరు సుత్తితో చేసే పనివాడు ఉన్నాడట. బస్సులో డ్రైవర్ నిలబడేవాడు, చక్రం కిటికీ పక్క సీట్లో కూర్చునేది. అది మల్గి ముందు నుంచి పోతుంటే చిచ్చా లేచి నిలబడి నుదుటికి చెయ్యి ఆనించేవాడు.

"సలాం సాబ్. ఖైరియత్‌గ పోయి రా," అనేవాడు చక్రంతో.

నవ్వుకునేవాళ్ళం గానీ లోపల కలుక్కుమనేది. చేతిలో పని ఉన్నవాడికి ఎదురింటి పని ఊరు దాటి పోవడం కంటే అవమానం ఏముంటుంది చెప్పండి.

ఇక ఆ దసరా సంగతి.

దసరాకు పనివాళ్ళందరూ పనిముట్లను పూజలో పెడతారని మీకు తెలుసు. మాకు అది పెద్ద వేడుక. ముందు రోజే చిచ్చా లీవర్లు, జాకీ, సుత్తి, పంపు, రకరకాల పానాలు అన్నీ కిరసనాయిలుతో కడిగి, ఎండలో ఆరబెట్టేవాడు. పండుగ పొద్దున నేను వాటికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టేవాణ్ణి. ఊదు పొగ వేయడం చిచ్చా వంతు. ఆ తర్వాత తెల్లారేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఈ నియమం నాకంటే చిచ్చాకే ఎక్కువ పట్టింపు. కారణం ఉంది. అంతకు ముందు దసరాకు ఒక లారీవాడు బతిమాలితే నేను పూజలోంచి జాకీ తీశాను. ఆ వారంలోనే అదే జాకీ జారి చిచ్చా కాలి బొటనవేలు మీద పడింది. గోరు ఊడి, దవాఖానాలో కట్టు కట్టించుకుని వచ్చి నాతో ఒకటే మాట అన్నాడు.

"దానికి ఏడాదికి ఒక్క దినం సెలవిస్తాం. అది గూడ గుంజుకుంటే ఊకుంటదా బేటా?"

అందుకే ఆ ఏడు ఏదీ మిగల్చలేదు. తుప్పు పట్టి మూలకు పడిన పాత లీవర్లను కూడా వెతికి తెచ్చి పూజలో కూర్చోబెట్టాడు. ఎవరైనా వచ్చి అడిగితే ఇవ్వడానికి మన దగ్గర ఏమీ ఉండకూడదట. ఎంత ముందుచూపో చూడండి.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలయ్యాయి. చిచ్చా మా ఆవిడ చేసిన బూరెలు లెక్క లేకుండా తిని, మల్గి గడప మీద కూర్చుని పాన్ కట్టుకుంటున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు వచ్చింది వకీలు సాబ్ కారు, కుంటుకుంటూ. మా మల్గి ముందుకు వచ్చి, ఇక నా వల్ల కాదన్నట్టు ఆగింది. వెనక చక్రం టైరు నేలను కరుచుకుని ఉంది.

వకీలు సాబ్ దిగాడు. పట్టుపంచె, భుజాన జరీ కండువా. వంగి చక్రాన్ని చూశాడు. మమ్మల్ని చూశాడు. మళ్ళీ చక్రాన్ని చూశాడు.

"స్టెప్నీ ఎయ్యిండ్రి సాబ్," అన్నాను, మాకు పని తగలకుండా.

డ్రైవర్ నెత్తి గోక్కున్నాడు. "స్టెప్నీ హైదరాబాదుల ఉన్నదన్నా. పోయిన వారం పంచర్ చెయ్య ఇచ్చినం. పండుగైనంక తెస్తామని ఆడనే పెట్టినం."

చిచ్చా మొహం పక్కకు తిప్పుకుని దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

కారు వెనక సీట్లోంచి ఒక గొంతు వినిపించింది. "ఎందుకాపినవ్‌రా? జమ్మి దగ్గర అందరు వచ్చుంటరు."

వకీలు సాబ్ తల్లి. వీధిలో అందరూ పెద్దవ్వ అనేవాళ్ళు. గట్టిగా ఊదితే ఎగిరిపోయేంత సన్నటి మనిషి, గొంతు మాత్రం కోర్టు బంట్రోతుది. ఆమె పుట్టిల్లు ఖిలా వరంగల్‌లో ఉంది. ప్రతి దసరాకు అక్కడికి పోయి, పుట్టింటివాళ్ళతో కలిసి జమ్మిచెట్టుకు మొక్కి, ఆకు తెంపుకుని వచ్చేది. తుంటి ఎముక విరిగి మంచాన పడినప్పటి నుంచి పోలేదు. ఆ ఏడు మొండికేస్తే కొడుకు ఒప్పుకున్నాడట. ఇంట్లోవాళ్ళంతా కలిసి కుర్చీతో సహా ఎత్తి కార్లో కూర్చోబెట్టారు.

"అమ్మా, పంక్చర్ అయింది. రిక్షా పిలుస్త," అన్నాడు వకీలు సాబ్.

"తుంటి ఇరిగినదాన్ని రిక్షల గుంజుకపోతవా? ఖిలాకు పోయేదాక నా ఎముకలు ఉంటయా?"

"మరి ఇంటికి పోదాం. జర దిగు."

"దిగ. నన్ను ఎక్కిచ్చేటందుకు ఇల్లంత ఒక్కటయ్యింది. ఇప్పుడు దిగితే మళ్ళ ఎక్కనియ్యవు నువ్వు. నీ సంగతి నాకు తెల్వదా, కన్నదాన్ని."

వకీలు సాబ్ మా వైపు తిరిగాడు. "ఏం మియా, చేస్తరా?"

చిచ్చా పాన్ బుగ్గన పెట్టుకుని, లోపల పసుపు కుంకుమలతో కొలువుదీరిన సామానును చూపించాడు. "సామాను పూజల ఉన్నది సాబ్. రేపటిదాక ముట్టం."

అక్కడితో ఆగితే ఆయన వకీలు ఎట్లా అవుతాడు. వాదన మొదలుపెట్టాడు. "నా కారుకు గూడ పొద్దున పూజ చేసిన. నిమ్మకాయలు తొక్కిచ్చిన. అయినా నడుపుతాన గద. పూజ చేసిన కారు నడువంగ లేంది, పూజ చేసిన లీవర్ నడిస్తే తప్పేంది?"

"మీరు కోర్టుల గెలుస్తరు సాబ్," అన్నాడు చిచ్చా, చెప్పు విప్పి వంకరపోయిన బొటనవేలు చూపిస్తూ. "ఇదేమో పోయినేడు ఓడిపోయింది."

నన్ను పక్కకు లాగి గొంతు తగ్గించాడు. "ఏం చెయ్యకుంట కూసుంటే గీత పడదు. గీత పడకుంటే మల్గి పోదు. పండుగ పూట దేవుడే అడ్డం పడ్డడు. శుకర్ జెయ్యి బేటా, ఊకో."

ఆ మాట నిజం. చెయ్యలేమని చెప్పడానికి మాకు మంచి సాకు ఉంది. చేయకపోతే ఎవరూ తప్పు పట్టరు. చేసి గీత పెడితే మల్గి పోతుంది, చిచ్చా ఉబ్బసంతో మళ్ళీ చెట్టు కిందికి పోవాలి. నేను ఊరుకోవడానికే నిశ్చయించుకుని తలెత్తాను. పెద్దవ్వ కిటికీలోంచి మమ్మల్నే చూస్తోంది. తలకు కొప్పు పెట్టి, అందులో బంతిపువ్వు పెట్టుకుని ఉంది. ఆ ముడతల మొహంలో బడికి సెలవిస్తారా ఇవ్వరా అని ఎదురుచూసే చిన్నపిల్ల కనిపించింది నాకు.

"జమ్మి ముట్టక రెండేండ్లాయె బిడ్డా," అంది. "వచ్చే ఏడు నేనుంటనో ఉండనో. నేనున్నా ఆ చెట్టును ఉంచుతరో లేదో. అన్ని కొట్టి ఇండ్లు కడ్తాన్రు."

నా గుండె కరిగిపోయింది. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు.

"చిచ్చా, సామాను ముట్టకుంట చేద్దాం," అన్నాను.

"ఏంతోని? నోట్లె పండ్లతోనా?"

సమాధానం పెద్దవ్వే ఇచ్చింది. "ఇనుము లేకుంటే కట్టె లేదా? మట్టికుండలల్ల ఇనుప గంటె తిప్పితే పగుల్తయని మేం కట్టె తెడ్డు పెడ్తం గద."

చిచ్చా పాన్ నమలడం ఆపేశాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత ఇద్దరం ఒకేసారి ఎదురుగా ఉన్న మిఠాయి దుకాణం వైపు చూశాం. ఆ సేట్ పండుగ నాడు దేన్నీ పూజలో పెట్టడు. ఆయనకు అసలు గిరాకీ ఆనాడే. కోవా కలిపే తెడ్లు ఆయన దగ్గర చింతచెక్కవి ఉన్నాయి, మోచేతి పొడవున, రాయిలా గట్టివి.

వకీలు సాబ్ గొంతు సవరించుకున్నాడు. "ముందే చెప్తాన. పండుగని నా మాట మారదు. గీత పడితే గీతే."

"మంచిది సాబ్," అన్నాను. నా నోటికి ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. బహుశా బూరెల మహిమ.

చిచ్చా కాసేపు నన్ను తిట్టాడు. ఆ తర్వాత చొక్కా చేతులు మడిచాడు.

మొదటి చిక్కు కారును ఎత్తడం. మా జాకీ పూజలో ఉంది, వాళ్ళ జాకీ వాళ్ళ పూజగదిలో ఉంది. నట్లు విప్పే పానా మాత్రం కారు డిక్కీలోనే దొరికింది. దాన్ని పూజలో పెట్టమంటే డ్రైవర్ బద్ధకించి పెట్టలేదు. ఆ బద్ధకానికి ఆనాడు అందరం దండం పెట్టాం. నట్లు వదులు చేశాక వీధిలో మగవాళ్ళందరినీ పిలిచాం. కొత్తబట్టలు కట్టుకుని పండుగ శకునానికి పాలపిట్టను చూడటానికి బయలుదేరినవాళ్ళు కూడా ఆగిపోయారు. అందరూ కలిసి కారు వెనక మూలను పట్టుకుని ఎత్తారు, నేను కింద బట్టలుతికే బండ దూర్చాను. లోపల పెద్దవ్వ దిగలేదు. పల్లకీలో దేవతలా ఊగుతూ, "జర నిమ్మళంగ, ఎడమదిక్కు ఒంగుతాంది," అని పురమాయించింది.

చక్రం బయటికి వచ్చింది. మల్గి ముందు జంపఖానా పరిచి దాని మీద పడుకోబెట్టాం. టైరు అంచు చక్రానికి అతుక్కుని ఉంటుంది, ముందు దాన్ని వదిలించాలి. మామూలుగా అయితే సుత్తి. ఇప్పుడు టైరు మీద మాత్రమే ఆనేట్టు ఒక చెక్కపీట పెట్టి, మిఠాయి సేట్‌ను దాని మీద నిలబడమన్నాం. ఆయన తన సరుకును తానే మెచ్చుకుని తినే మనిషి. ఆయన ఎక్కిన చోటల్లా అంచు బుస్సుమని దిగిపోయింది. వీధంతా చప్పట్లు కొట్టింది. తన ఒళ్ళు ఒక మంచి పనికి వచ్చిందని ఆయన ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా ఆవిడ పండుగ తలంట్లకు తీసిన కుంకుడురసం మిగిలితే చెంబుతో తెచ్చింది. దాన్ని అంచు చుట్టూ పోశాం, జారుడుకు. తెడ్డు కొసకు గుడ్డ చుట్టి, దూర్చి, మీటాను. టప్పుమని చప్పుడైంది.

వకీలు సాబ్ కళ్ళు మూసుకున్నాడు. చిచ్చా కూడా మూసుకున్నాడు. నేను చూడక తప్పదు గనుక చూశాను. విరిగింది తెడ్డు. చక్రం చెక్కుచెదరలేదు.

"నా తెడ్డు," అన్నాడు సేట్.

అప్పుడు చిచ్చా నన్ను లేపి తాను కూర్చున్నాడు. "బలం గాదు బేటా," అన్నాడు. "చక్రం నడుమల పల్లం ఉంటది. అటుపక్క అంచును ఆ పల్లంలకు తొక్కిపట్టు. ఇటుపక్క అదే వదులైతది."

ఇది మాకు మొదటి నుంచీ తెలిసిన విద్యే. కానీ చేతిలో ఇనుము ఉన్నంతకాలం అంత ఓపిక ఎవరికి ఉంటుంది. మీటితే వచ్చేదాన్ని బతిమాలడం ఎందుకు. ఆనాడు చేతిలో ఇనుము లేదు కాబట్టి బతిమాలాం. నేను అటుపక్క మోకాళ్ళతో టైరును పల్లంలోకి తొక్కిపట్టాను. చిచ్చా ఇటుపక్క రెండో తెడ్డును నెమ్మదిగా, పిల్లవాడి కాలి నుంచి బిగుసుకున్న మేజోడు తీసినట్టు కదిపాడు. జానెడు వచ్చింది, ఇంకో జానెడు వచ్చింది, తర్వాత మొత్తం అంచు తనంతట తానే పైకి జారింది. కుంకుడు నురగతో, కోవా వాసనతో ట్యూబు బయటికి వచ్చింది.

టైరులో దిగిన మేకును లోపలి నుంచి పప్పుగుత్తి కాడతో నెట్టాం. ట్యూబును గరుకు రాయితో రుద్ది, సొల్యూషన్ పూసి, పాత ట్యూబు ముక్క అతికించాం. మళ్ళీ అదే తెడ్డు, అదే మోకాళ్ళు, అదే బతిమాలడంతో టైరు ఎక్కించాం. సందు చివర బ్యాంకు గుమాస్తా తన స్కూటర్ పంపును పూజలో పెట్టడం మరిచిపోయాడట. అది తెచ్చి ఇచ్చాడు. అంత పెద్ద టైరుకు అంత చిన్న పంపు. వీధి వీధంతా వంతులు వేసుకుని కొట్టింది. వకీలు సాబ్ కూడా పట్టుపంచె పైకి దోపి కొట్టాడు.

ఇక తీర్పు మిగిలింది.

ఆయన గొంతుక్కూర్చుని, జరీ కండువాతో నురగ తుడిచి, అంచు చుట్టూ వేలు పెట్టి తడుముతూ పోయాడు. కళ్ళద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశాడు. చక్రం తిప్పి ఆ పక్కన కూడా చూశాడు. చిచ్చా పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తున్నాడో తెలియదు. నాకేమో మోకాళ్ళు నొప్పి పెడుతున్న సంగతి అప్పుడే తెలిసింది.

"లేదు," అన్నాడు వకీలు సాబ్ చివరకు. "ఒక్క గీత లేదు."

ఆయన మొహం చూడాలి. మెడల్ గెలిచిన పిల్లవాడిలా ఉంది. చక్రాన్ని తానే నిలబెట్టి, జంపఖానా మీద దొర్లించుకుంటూ తల్లి దగ్గరకు తీసుకుపోయి కారు తలుపు తెరిచాడు. "చూడు అమ్మా. మనూళ్ళ గూడ గీత పడకుంట చేసేటోళ్ళున్నరు."

పెద్దవ్వ ముందుకు వంగి చూసింది. "మెరుస్తాంది," అంది. పక్కన ఉన్న చేతికర్రను అందుకుంది. దాని కొసకు ఇనుప పొన్ను ఉంది. ఆ పొన్నును చక్రం మీద ఆనించి, పలక మీద అక్షరం దిద్దినట్టు నింపాదిగా, గట్టిగా ఒక గీత గీసింది.

ఆ చప్పుడు నా పళ్ళల్లోకి పోయింది.

"అమ్మా," అన్నాడు వకీలు సాబ్.

"గీత పడ్డది గదరా. ఇప్పుడు షరతు ప్రకారం ఖాళీ చెయ్యాలె. గీసింది నేను. చెప్పు, ఇల్లు ఎప్పుడు ఖాళీ చెయ్యాలె?"

ఆయన వంగి కండువా కొసతో ఆ గీతను తుడవబోయాడు.

"డ్రైవర్ అంత చెప్పిండు నాకు," అంది ఆమె. ఇప్పుడు ఆ గొంతులో బంట్రోతు లేడు. "ఒక్క గీతకు వీండ్లను వానల నిలవెడ్తనన్నవట. ఇంత సదివినవు, ఇంత మంచోనివి, నీకెందుకురా ఈ మాట? కొత్త బిందెకు సొట్ట పడ్డంకనే అది ఇంటిదైతది. నీ చక్రం ఇయ్యాల ఇంటిదైంది. ఇగ భయం లేదు. నడువు, పొద్దుగూకుతాంది."

వకీలు సాబ్ ఆ గీతను చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాం. నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. చిచ్చా నవ్వాడు, సేట్ నవ్వాడు, కారు మూలను మళ్ళీ ఎత్తడానికి వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేక ఒకసారి వదిలేశారు కూడా. లోపలి నుంచి పెద్దవ్వ అందరినీ పేరుపేరునా తిట్టింది.

పొద్దుగూకేటప్పటికి వాళ్ళు ఖిలా నుంచి తిరిగి వచ్చారు. కారు మా మల్గి ముందు ఆగింది. పెద్దవ్వ జమ్మి ఆకు తెచ్చి చిచ్చా చేతిలో పెట్టింది, నా చేతిలో పెట్టింది. వకీలు సాబ్ దిగి మా ఇద్దరినీ కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. పట్టు బట్టలకు మా మసి అంటుతుందని చిచ్చా వెనక్కి జరిగితే ఆయనే దగ్గరకు లాక్కున్నాడు. మల్గి మాట ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

పండుగ మరునాడే వడ్రంగితో చింతచెక్క లీవర్లు చేయించాం, సేట్‌కు కొత్త తెడ్డు కూడా. ఎనభైల్లో ఊళ్ళో అటువంటి చక్రాల కార్లు ఒక్కొక్కటే వచ్చాయి. వచ్చినవన్నీ మా దగ్గరకే వచ్చాయి. నెక్కొండ నుంచి ఒక బియ్యం మిల్లు ఆసామి తన కారు చక్రాన్ని రైల్లో పంపేవాడు. హైదరాబాదు బస్సులో ఇక ఏ చక్రమూ కిటికీ పక్కన కూర్చోలేదు. కుర్రవాళ్ళకు పని నేర్పినప్పుడు చిచ్చా మొదటి నెలంతా ఇనుప లీవర్ చేతికి ఇచ్చేవాడు కాదు. ముందు బతిమాలడం నేర్చుకోమనేవాడు. మీకు నేను చెప్పగలిగిన విద్య కూడా అంతే, మిగతాది యంత్రం చూసుకుంటుంది.

పెద్దవ్వ ఆ తర్వాత ఇంకా కొన్ని దసరాలు చూసింది. ప్రతి ఏడూ ఆ కారులోనే పోయి జమ్మి ముట్టి వచ్చింది. ఒక ఎండాకాలం నిద్రలోనే పోయింది.

ఆమె దినవారాలు అయిపోయాక వకీలు సాబ్ ఆ చక్రాన్నే తెచ్చాడు. మళ్ళీ పంక్చర్. జంపఖానా పరిచాం. ఆయన ఎప్పటిలాగే పక్కన పీట మీద కూర్చున్నాడు. కుంకుడురసం పోసి, చెక్క లీవర్ చేతిలోకి తీసుకున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"జర జాగ్రత్త," అన్నాడు. "ఆ గీత అరిగిపోతాంది."

చిచ్చా తన భుజం మీది రుమాలు తీసి, దులిపి, ఆ గీత మీద కప్పి కట్టాడు. ఆ తర్వాతే టైరు విప్పాం.